సంక్షోభంలో పనితీరు పడిపోకుండా మానవ వనరుల విధానాలను నడపడం ఎలా?

ఆర్డర్లు ఒక్కసారిగా ఆగిపోయినా, సరుకు సరఫరా తెగిపోయినా, మహమ్మారి వచ్చి కార్యాలయాలు మూతపడినా, ఏ సంస్థ అయినా మొదట చూసుకునేది చేతిలో ఉన్న నగదునే. అది సహజం, అవసరం కూడా. అయితే జీతాల ఖర్చును తగ్గించే నిర్ణయాలు కూడా అదే కంగారులో, నలుగురైదుగురు పెద్దలు తలుపులు వేసుకుని కూర్చున్న గదిలో జరిగిపోతుంటాయి. వాటి వల్ల ఆదా అయిన మొత్తం ఆ నెల లెక్కల్లోనే కనిపిస్తుంది. వాటి వల్ల కలిగిన నష్టం మాత్రం కొన్ని నెలలు గడిచాక, గడువులు తప్పడం, పొరపాట్లు పెరగడం, పనిమంతులు ఒకరి వెనుక ఒకరు రాజీనామా చేయడం వంటి రూపాల్లో బయటపడుతుంది. అప్పటికి ఆ నిర్ణయానికీ ఈ నష్టానికీ ఉన్న సంబంధం ఎవరికీ గుర్తుకు రాదు. హెచ్‌ఆర్ (మానవ వనరుల) బాధ్యతలు చూసేవారితో పాటు, ప్రత్యేక విభాగం లేని చిన్న సంస్థల్లో ఆ పనిని కూడా తామే నెత్తిన వేసుకున్న యజమానులను దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా అర్థం చేసుకోవలసిన మూడు దారులు

హెచ్‌ఆర్ విధానాలు పనితీరును నేరుగా మార్చవు. ఈ రంగపు పరిశోధకులు చాలాకాలంగా వాడుతున్న ఒక చట్రం ప్రకారం వాటి ప్రభావం మూడు దారుల్లో నడుస్తుంది. మనిషికి ఆ పని చేయగల సామర్థ్యం ఉండాలి, చేయాలన్న సంసిద్ధత ఉండాలి, చేయడానికి అవకాశం ఉండాలి. నియామకాలు, శిక్షణ మొదటిదాన్ని పెంచుతాయి. జీతభత్యాలు, న్యాయమైన వ్యవహారం రెండోదాన్ని నిలబెడతాయి. నిర్ణయాధికారం, సమాచారం, పనిముట్లు మూడోదాన్ని ఇస్తాయి. మామూలు రోజుల్లో ఒకటి కాస్త తగ్గినా మిగతా రెండూ సర్దుకుపోతాయి.

సంక్షోభంలో సామర్థ్యం రాత్రికి రాత్రే మాయం కాదు. నిన్న పని తెలిసినవారికి ఈ రోజు కూడా తెలుసు. కూలిపోయేవి మిగిలిన రెండు. ‘రేపు నా ఉద్యోగం ఉంటుందా?’ అన్న ప్రశ్న మనసులో తిరుగుతున్నంతసేపు సంసిద్ధత తగ్గుతుంది. ఇక అవకాశాన్ని చాలాసార్లు సంస్థే చేజేతులా తీసేస్తుంది. ముప్పు ఎదురైనప్పుడు సంస్థలు బయటి సమాచారాన్ని కుదించుకుంటాయని, అధికారాన్ని పైకి లాక్కుంటాయని, అలవాటైన పద్ధతులనే మరింత గట్టిగా పట్టుకుంటాయని స్టా, శాండెలాండ్స్, డటన్ అనే ముగ్గురు పరిశోధకులు 1981లోనే వివరించారు. కొత్త పరిష్కారాలు అత్యవసరమైన సమయంలోనే వాటిని కనిపెట్టగలవారి చేతులు కట్టేయడం ఇది.

కాబట్టి కింద చెప్పే ప్రతి చర్యనూ ఒకే ప్రశ్నతో తూచాలి. ఇది అనవసరమైన అనిశ్చితిని తగ్గిస్తుందా, పెంచుతుందా? మార్కెట్ తెచ్చిన అనిశ్చితిని హెచ్‌ఆర్ తొలగించలేదు. కానీ సంస్థ తన మౌనంతో, తన పక్షపాతంతో, తన తొందరతో తెచ్చిపెట్టే అనిశ్చితి అంతకు తక్కువేమీ కాదు, దాన్ని తొలగించడం పూర్తిగా మన చేతిలో పని.

మొదటి వారంలో చేయవలసినది

ఒక పెద్ద కాగితం తీసుకుని, ఎడమవైపు సంస్థ ఒక్కరోజు కూడా ఆపలేని పనులను రాయండి. జీతాల చెల్లింపు, సర్వర్ల నిర్వహణ, ప్రధాన కస్టమర్లకు జవాబులు, నాణ్యత తనిఖీ, బ్యాంకు సంతకాలు వంటివి అందులో ఉంటాయి. పైన ఉద్యోగుల పేర్లు రాయండి. ఎవరు ఏ పనిని ఎవరి సాయమూ లేకుండా చేయగలరో అక్కడ గుర్తు పెట్టండి. నేర్పితే వారంలో చేయగలరనుకున్నచోట వేరే గుర్తు పెట్టండి. ఒకే ఒక్క గుర్తు ఉన్న వరుసలు ఎన్ని ఉన్నాయో చూస్తే చాలామంది కంగుతింటారు. ఆ ఒక్కరూ జ్వరంతో పడుకున్నా, వేరే ఉద్యోగం చూసుకున్నా ఆ పని ఆగిపోతుంది. మొదటి వారం శిక్షణ బడ్జెట్టు ఎంత చిన్నదైనా ఆ వరుసల మీదే ఖర్చు పెట్టాలి. సంక్షోభం రాగానే శిక్షణను మొత్తంగా రద్దు చేసే అలవాటు నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. ఆర్డర్లు తగ్గి చేతులు ఖాళీగా ఉన్న సమయం కన్నా ఒకరి పని మరొకరికి నేర్పడానికి మంచి సమయం దొరకదు.

అదే వారంలో ప్రకటనల వేళను కూడా ఖరారు చేయాలి. వారంలో ఒక రోజు, ఒక సమయం నిర్ణయించి, చెప్పడానికి కొత్త విషయం లేకపోయినా ఆ సమయానికి సంస్థ అధిపతి మాట్లాడాలి. ‘ఈ వారం కొత్త నిర్ణయం ఏదీ తీసుకోలేదు, వచ్చే సమావేశంలోపు తీసుకునే ఆలోచన కూడా లేదు’ అన్న ఒక్క వాక్యం విని ఉద్యోగులు ఆ వారమంతా స్థిమితంగా పని చేసుకుంటారు. సమాచారం రాని చోట వదంతి ఆగదు.

ఇక్కడ తరచుగా జరిగే లోపం ఒకటుంది. ఉద్యోగులందరికీ ఈమెయిల్ వెళ్లిన క్షణంలోనే సూపర్‌వైజర్లకు కూడా విషయం తెలుస్తుంది. ఉద్యోగి మొదట వెళ్లి అడిగేది తన సూపర్‌వైజర్‌నే. ఆయన ‘నాకూ ఇప్పుడే తెలిసింది’ అన్నాడంటే ప్రకటన మీద నమ్మకం అక్కడే పోతుంది. ముఖ్యమైన ప్రకటనకు కనీసం సగం రోజు ముందు సూపర్‌వైజర్లను పిలిచి విషయం చెప్పి, రాబోయే ప్రశ్నలకు జవాబులు రాసివ్వాలి. జవాబు లేని ప్రశ్నలకు ఏ తేదీలోపు జవాబు వస్తుందో కూడా రాసివ్వాలి.

ఖర్చు తగ్గించక తప్పనప్పుడు

సంస్థ భవిష్యత్తు చాలావరకు ఇక్కడే తేలుతుంది కనుక ఈ భాగం దగ్గర కొంత ఎక్కువసేపు ఆగుదాం.

కోత ఎంత అన్నదాని కన్నా కోతను ఎలా చెప్పారన్నది ప్రవర్తనను ఎంతగా మారుస్తుందో జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే పరిశోధకుడు 1990లో ప్రచురించిన ఒక అధ్యయనం చూపించింది. ఒక అమెరికన్ తయారీ సంస్థ పెద్ద కాంట్రాక్టులను పోగొట్టుకుని, ఎవరినీ తొలగించకుండా రెండు ఫ్యాక్టరీల్లో 10 వారాలపాటు జీతాలను 15 శాతం తగ్గించింది. మూడో ఫ్యాక్టరీలో కోత లేదు. మొదటి ఫ్యాక్టరీలో అధ్యక్షుడే వచ్చి, కోత ఎందుకు తప్పలేదో లెక్కలతో వివరించి, బాధను వ్యక్తం చేసి, అడిగిన ప్రశ్నలన్నిటికీ ఓపికగా జవాబు చెప్పారు. రెండో ఫ్యాక్టరీలో విషయాన్ని క్లుప్తంగా ప్రకటించి ముగించారు. కోత కాలంలో రెండు చోట్లా దొంగతనాలు పెరిగాయి, కానీ వివరణ లేని ఫ్యాక్టరీలో పెరుగుదల చాలా ఎక్కువ. అక్కడ ఉద్యోగం మానేసినవారూ ఎక్కువే. రెండు చోట్లా పోయిన డబ్బు ఒక్కటే. తేడా తెచ్చినది ఒక సమావేశం.

ఆ సమావేశాన్ని మనమూ జరపవచ్చు. ముందు రాతపూర్వక ప్రకటనను చూడండి. ‘ప్రస్తుత వ్యాపార పరిస్థితుల దృష్ట్యా, సంస్థ దీర్ఘకాలిక ప్రయోజనాలను పరిగణనలోకి తీసుకుని, జీతాల నిర్మాణాన్ని సమీక్షించడమైనది’ అని రాస్తే చదివినవారికి భయం తప్ప ఏమీ మిగలదు. దాని బదులు ఇలా రాయవచ్చు: ‘గత రెండు నెలల్లో మన ఆదాయం సగానికి పడిపోయింది. ఉన్న నగదుతో ఇదే ఖర్చును ఐదు నెలలకు మించి భరించలేము. వచ్చే నెల నుంచి నాలుగు నెలలపాటు డైరెక్టర్ల జీతం 30 శాతం, మేనేజర్ల జీతం 15 శాతం, మిగిలినవారి జీతం 5 శాతం తగ్గుతుంది. అతి తక్కువ జీతం ఉన్న రెండు శ్రేణులకు కోత లేదు. మూడో నెల చివరి శుక్రవారం పరిస్థితిని సమీక్షించి, కోతను ఎత్తివేస్తామో లేదో అదే రోజు చెబుతాము.’ ఇందులో కారణం ఉంది, అంకె ఉంది, గడువు ఉంది, ఎవరు ముందుగా నష్టపోతున్నారో స్పష్టంగా ఉంది. అంకెలు మీ సంస్థవి వేసుకోండి కానీ ఆ నాలుగింటిలో ఏదీ తీసేయకండి.

చర్యల వరుస కూడా ముఖ్యం. కొత్త నియామకాలను, బయటి కాంట్రాక్టులను ఆపడం, ఓవర్‌టైమ్ తగ్గించడం, ఇష్టపడినవారికి జీతం లేని సెలవు ఇవ్వడం, పని గంటలను అందరికీ కొంత కుదించడం, పైనుంచి కిందికి జీతాల కోత, చివరిగా తొలగింపు. వెనక్కి తీసుకోవడం తేలికైనవి ముందుండాలన్నది దీని వెనకున్న ఆలోచన. గంటల కుదింపును దేశవ్యాప్త విధానంగా నడిపినవారిలో జర్మనీ ముందు వరుసలో ఉంది. పని గంటలు తగ్గించిన సంస్థల్లో కార్మికులు కోల్పోయిన జీతంలో కొంత భాగాన్ని అక్కడి ప్రభుత్వ ఉపాధి సంస్థ భరిస్తుంది. 2009లో ఆ దేశపు స్థూల ఉత్పత్తి 5 శాతానికి పైగా పడిపోయింది. ఆ ఏడాది ఒక దశలో 14 లక్షలకు పైగా కార్మికులు ఈ పథకంలో ఉన్నారు. అయినా నిరుద్యోగం పెద్దగా పెరగలేదు. ఆర్డర్లు తిరిగి వచ్చేసరికి పని తెలిసినవారు ఫ్యాక్టరీల్లోనే ఉన్నారు. కొత్తవారిని వెతికి, నేర్పి, తప్పులు భరించే ఖర్చు తప్పింది.

తొలగింపులు లేకుండా బయటపడటం ప్రతి సంస్థకూ సాధ్యం కాదు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికన్ విమానయాన సంస్థల్లో అత్యధికం వేలమందిని తొలగించగా సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ ఎవరినీ తీసేయలేదు. ఆ సంస్థలను పోల్చి చూసిన పరిశోధకులకు తొలగింపులు తక్కువగా చేసినవి త్వరగా కోలుకున్నట్టు కనిపించింది. అయితే దాన్ని మంచితనపు కథగా మాత్రమే చదవకూడదు. తక్కువ అప్పు, ఎక్కువ నగదు నిల్వ ఉన్నందువల్లే ఆ ఓర్పు సాధ్యపడిందని కూడా అదే అధ్యయనం చెప్పింది. చివరికి సౌత్‌వెస్ట్ సైతం 2025లో తన కార్యాలయ సిబ్బందిలో దాదాపు 15 శాతం మందిని తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. సంక్షోభంలో మనుషులను నిలుపుకునే శక్తి సంక్షోభానికి ముందు ఆర్థిక విభాగం దాచిన డబ్బులో ఉంటుంది కనుక, ‘మా సిబ్బందే మా ఆస్తి’ అని గోడల మీద రాసుకునే సంస్థలు తమ దగ్గర ఎన్ని నెలల జీతాలకు సరిపడా నిల్వ ఉందో కూడా చూసుకోవాలి.

తొలగింపు తప్పదని తేలితే, ఒకేసారి చేయండి. నెలకు కొందరి చొప్పున మూడు విడతలు చేస్తే, ఉండబోయేవారు కూడా మూడు నెలలపాటు పని మానేసి వంతు కోసం ఎదురుచూస్తారు. ఎంపిక కొలమానాలను ముందే రాసుకుని, పేర్లు ఆ తర్వాత చూడాలి. పేర్లు ముందు అనుకుని వాటికి సరిపడే కొలమానాలు వెతికితే ఆ సంగతి బయటకు రాక మానదు. చట్టం చెప్పే నోటీసు, పరిహారం, సంప్రదింపుల నిబంధనలు దేశానికో తీరుగా ఉంటాయి కాబట్టి న్యాయ సలహా ఈ దశలోనే తీసుకోవాలి. వార్తను ఒక్కొక్కరికీ విడిగా, వారి మేనేజర్ స్వయంగా చెప్పాలి. 2021 డిసెంబరులో ఒక అమెరికన్ గృహరుణ సంస్థ దాదాపు 900 మందిని ఒకే వీడియో కాల్‌లో తీసేసి, ఆ తీరుకు క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. దీనికి భిన్నంగా 2020 మేలో సుమారు 1,900 మందిని తొలగించిన ఎయిర్‌బీఎన్‌బీ (ప్రయాణికులకు ఇళ్లు, గదులు అద్దెకు ఇప్పించే సంస్థ), ఆ నిర్ణయానికి ఎలా వచ్చిందో బహిరంగ లేఖలో వివరించింది. అమెరికాలోని వారికి 14 వారాల మూల వేతనాన్ని, దాని పైన పనిచేసిన ప్రతి ఏడాదికి మరో వారం వేతనాన్ని ఇచ్చింది. ల్యాప్‌టాప్‌లను వారి దగ్గరే ఉంచుకోనిచ్చింది. నియామకాలు చూసే తన సిబ్బందిలో కొందరిని, వెళ్లిపోతున్నవారికి ఉద్యోగాలు వెతికే పనిలో పెట్టింది.

వెళ్లేవారిని ఎలా సాగనంపారో మిగిలినవారు కళ్లారా చూస్తుంటారు. తొలగింపుల తర్వాత స్వచ్ఛంద రాజీనామాలు పెరుగుతాయని, నిర్ణయాలు న్యాయంగా జరుగుతాయన్న భరోసా ఇచ్చే పద్ధతులు ఉన్న సంస్థల్లో ఆ పెరుగుదల తక్కువని ట్రెవర్, నైబర్గ్ అనే పరిశోధకులు 2008లో చూపించారు. ముందుగా వెళ్లేది ఎవరన్నది ఊహించడం కష్టం కాదు. బయట వెంటనే అవకాశం దొరికేవారే, అంటే సంస్థ ఉంచుకోవాలని ఎంచుకున్నవారే.

మిగిలినవారి మీద పడే పని

పదిమంది చేసే పని ఏడుగురి మీద పడితే, పనుల జాబితాలో కూడా పదింట మూడు వంతుల కోత పడాలి. కానీ మనుషులను తగ్గించినంత ధైర్యంగా నివేదికలను, సమావేశాలను, అనుమతి సంతకాలను తగ్గించేవారు అరుదు. ప్రతి బృందం తాను మానేస్తున్న పనులను రాసి పైవారి సంతకం తీసుకోవాలి. ఆ సంతకం లేకపోతే, మానేసిన పనిని రెండు వారాల తర్వాత ఎవరో ఒకరు మళ్లీ అడుగుతారు.

గంటలు పెంచి లోటు పూడ్చుకోవచ్చన్న ఆశ ఎక్కువ కాలం నిలవదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల కార్మికులపై సేకరించిన వివరాలను ఆర్థికవేత్త జాన్ పెంకావెల్ 2014లో మళ్లీ విశ్లేషించారు. వారానికి దాదాపు 50 గంటలు దాటాక ప్రతి అదనపు గంటకూ వచ్చే ఉత్పత్తి తగ్గుతూ పోయింది. 70 గంటలు పనిచేసిన వారాల ఉత్పత్తికీ 56 గంటల వారాల ఉత్పత్తికీ పెద్ద తేడా లేదు. దేశం యుద్ధంలో ఉండగా, మనసు పెట్టి పనిచేసినవారి లెక్క ఇది. దీనికి ఆరోగ్యపు ఖర్చు అదనం. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో వెల్లడించాయి. కొన్ని వారాలపాటు గంటలు పెంచక తప్పకపోతే ఆ విడత ఎప్పుడు ముగుస్తుందో ముందే చెప్పండి, ముగిశాక సెలవు తప్పనిసరి చేయండి, ఆ సెలవును మేనేజర్లు అందరికన్నా ముందు వాడుకునేలా చూడండి. పైవారు సెలవు తీసుకోని చోట కిందివారు అడగడానికే జంకుతారు.

నిర్ణయాన్ని పని దగ్గరకు చేర్చడం

ముప్పులో అధికారం పైకి పోతుందని ముందే చెప్పుకున్నాం. దాన్ని ఆపాలంటే రాతలో ఉండాలి. ఎంత మొత్తం వరకు సూపర్‌వైజర్ అడగకుండా ఖర్చు పెట్టవచ్చు, కస్టమర్‌కు ఎంత రాయితీ ఇవ్వవచ్చు, ఏ షిఫ్టును ఎవరు మార్చవచ్చు అన్నవి ఒక పేజీలో రాసి పంచండి. సంక్షోభంలో ఆ పరిమితులను తగ్గించే ముందు, ఒక్క అనుమతి కోసం ఇప్పుడు ఎంతసేపు పడుతోందో కొలవండి.

కిందివారు నిర్భయంగా మాట్లాడే అలవాటు మాత్రం కాగితంతో రాదు. విమానయాన రంగం దాన్ని శిక్షణతో సాధించింది. 1977లో స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవి విమానాశ్రయంలో రెండు విమానాలు ఢీకొని 583 మంది చనిపోయాక, కెప్టెన్ మాటకు ఎదురుచెప్పలేని వాతావరణమే పెద్ద ప్రమాదమన్న గ్రహింపు బలపడింది. 1979 నుంచి సిబ్బంది సమన్వయ శిక్షణ రూపుదిద్దుకుంది. 1989లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 232 విమానం గాలిలో ఉండగా హైడ్రాలిక్ వ్యవస్థలన్నీ పోయి నియంత్రణ తప్పినప్పుడు, ప్రయాణికుల్లో ఒకరిగా ఉన్న శిక్షకుడైన పైలట్ సాయం కూడా తీసుకుని, కెప్టెన్ అల్ హేన్స్ బృందం విమానాన్ని అమెరికాలోని సూ సిటీ రన్‌వే వరకు తెచ్చింది. 296 మందిలో 184 మంది బతికారు. అందులో ఆ శిక్షణ పాత్ర ఎంతో ఉందని హేన్స్ తర్వాత పదేపదే చెప్పారు. ఆఫీసుల్లో దీనికి సమానమైన పని చిన్నదే. ప్రతి సమావేశంలో అందరికన్నా చిన్న హోదాలో ఉన్నవారు మొదట మాట్లాడాలి, మేనేజర్ తన అభిప్రాయాన్ని చివర చెప్పాలి. మేనేజర్ ముందుగా మాట్లాడితే తర్వాత వచ్చేవన్నీ తలూపడాలే.

అప్రైజల్ (ఉద్యోగుల పనితీరు మదింపు) సంగతి త్వరగా ముగించవచ్చు. సంక్షోభానికి ముందు పెట్టిన లక్ష్యాలతో ఏడాది చివర మనుషులను కొలవకండి. వాటిని రద్దు చేసి, నెలకో ఆరు వారాలకో సరిపడే రెండు మూడు లక్ష్యాలు పెట్టండి. బలవంతపు ర్యాంకులు, అంటే ప్రతి బృందంలో ఇంతమంది పైన, ఇంతమంది కింద ఉండాలని ముందే విధించే పద్ధతి, ఉంటే ఆ ఏడాదికి ఆపండి, ఎందుకంటే పక్కవాడికి సాయపడితే తన స్థానం పోతుందనుకునే చోట, ముందు చెప్పిన కాగితం మీద రెండో గుర్తు ఎప్పటికీ పడదు.

ఏం కొలవాలి, ఎప్పుడు వెనక్కి ఇవ్వాలి

విధానాలు పనిచేస్తున్నాయా లేదా అన్నది వార్షిక సర్వేతో తెలియదు. ప్రతి రెండు వారాలకు కొన్ని అంకెలు చూస్తే చాలు: స్వచ్ఛంద రాజీనామాలు, చెప్పకుండా మానిన రోజులు, తిరిగి చేయవలసి వచ్చిన పని, వాడని సెలవులు, ఒక అనుమతికి పట్టే సమయం. వీటిని బృందాల వారీగా విడదీసి చూడాలి. సంస్థ మొత్తానికి సగటు తీస్తే, ఒక మేనేజర్ కింద ఐదుగురు వెళ్లిపోయిన విషయం అందులో కలిసిపోతుంది. పనితీరు బాగున్న సంస్థల్లో హెచ్‌ఆర్ విధానాలు కూడా బాగుంటాయన్న అధ్యయనాలు చాలా ఉన్నాయి, కానీ బాగా సంపాదించే సంస్థలే మంచి విధానాలను భరించగలుగుతాయన్నది కూడా నిజం కావచ్చు. అందుకే పరాయి సంస్థల గొప్పలను చూసి నకలు చేయడం కన్నా, ఒక మార్పును ముందు రెండు బృందాల్లో అమలు చేసి, మిగిలిన బృందాల అంకెలతో పోల్చి చూడటం మేలు.

పరిస్థితి కుదుటపడుతున్నప్పుడు, తగ్గించిన జీతాలను తక్కువ జీతం ఉన్నవారి నుంచి మొదలుపెట్టి పునరుద్ధరించాలి, డైరెక్టర్ల వంతు చివర రావాలి. ఆ తర్వాతే కొత్త నియామకాలు, బోనస్‌లు. సమీక్ష తేదీన చెప్పిన మాట ప్రకారం కోత ఎత్తివేయలేకపోతే, ఆ రోజే, అదే సమావేశంలో, కొత్త అంకెలతో, కొత్త తేదీతో ఆ సంగతి చెప్పాలి. తేదీ దాటిపోయాక ఇచ్చే వివరణను ఎవరూ వినరు. అంతా సర్దుకున్నాక నెలలోపు, ప్రతి బృందం తమకు ఏం జరుగుతుందనుకున్నదీ, నిజంగా ఏం జరిగిందీ, తేడా ఎందుకు వచ్చిందీ రాసి ఇవ్వాలి. ఆ రాతల్లో ఎవరినీ తప్పు పట్టకూడదని ముందే చెప్పాలి. వాటిలో తేలిన మార్పులకు బాధ్యుల పేర్లు, గడువులు వేసి, ఒకే మనిషి మీద నడుస్తున్న పనుల కాగితాన్ని అప్పుడే కొత్తగా గీయించి, తర్వాతి ఏడాది శిక్షణ బడ్జెట్టును దాని ఆధారంగానే ఖరారు చేయాలి.